మంత్రి గారు ‘డిస్మిస్’ అన్నాక కూడా ఆ సూపరింటెండెంటు ఉద్యోగంలో ఎలా ఉన్నారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జిల్లా ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్లు నెల రోజులు మూలనపడ్డాయి, మీ బాబాయి గారు నానా అవస్థ పడ్డారు. తర్వాత మంత్రి గారు ఆకస్మిక తనిఖీకి వచ్చి సూపరింటెండెంటును అందరి ముందూ నిలబెట్టి ‘ఈ క్షణం నుంచి నిన్ను డిస్మిస్ చేస్తున్నా’ అన్నారు. నాలుగు నెలలు తిరక్కుండానే అదే మనిషి పక్క జిల్లాలో ఇన్‌ఛార్జిగా కూర్చున్నారు. ‘అసలు మంత్రికి తీసేసే అధికారం ఉందా, లేదా? ఉంటే ఇదేం డిస్మిస్?’ అని మీరు అడిగారు. మీ కోపం న్యాయమైనదే. నేను వైద్య ఆరోగ్య శాఖలో క్రమశిక్షణ ఫైళ్ళు చూసే సెక్షన్‌లో ఇరవయ్యేళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. చివరి కొన్నేళ్ళు విచారణాధికారిగా కూడా కూర్చున్నాను. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

సూటిగా చెప్పాలంటే, మంత్రి నోటిమాటతో ఏ ప్రభుత్వ డాక్టరు ఉద్యోగమూ పోదు. అలాగని ఆ పనిలో మంత్రికి పాత్ర లేదనుకోకండి, చాలా పెద్ద పాత్రే ఉంది. అయితే అది రావాల్సింది ఫైలు ఆఖర్లో. మీ ఊళ్ళో అది మొదట్లోనే వచ్చేసింది. అక్కడే మొత్తం చెడింది.

రాజ్యాంగం 310వ అధికరణం ప్రకారం రాష్ట్ర సర్వీసులో ఉన్నవాళ్ళు గవర్నరుకు ఇష్టమున్నంత కాలం, కేంద్ర సర్వీసులో ఉన్నవాళ్ళు రాష్ట్రపతికి ఇష్టమున్నంత కాలం పదవిలో ఉంటారు. ఇది బ్రిటిష్ రాజరికం నాటి సూత్రం. రాజ్యాంగం అక్కడితో ఆగి ఉంటే మీ మంత్రి గారి మాటకు కొంత బలం ఉండేది. ఆ వెంటనే వచ్చే 311వ అధికరణం ఈ ఇష్టానికి రెండు కళ్ళేలు వేసింది. నియమించిన అధికారి కంటే కింది స్థాయివాళ్ళు డిస్మిస్ చేయడానికి వీల్లేదన్నది ఒకటి. ఆరోపణలు ఏమిటో చెప్పి, విచారణ జరిపి, తన మాట చెప్పుకునే సరైన అవకాశం ఇవ్వకుండా ఎవర్నీ డిస్మిస్ చేయకూడదు, తొలగించకూడదు, హోదా తగ్గించకూడదన్నది రెండోది.

సూపరింటెండెంటు స్థాయి, ఆ పై స్థాయి డాక్టర్ల విషయంలో డిస్మిస్ చేసే అధికారం సాధారణంగా ప్రభుత్వానిదే. ‘మరి ప్రభుత్వమంటే మంత్రే కదా’ అంటారు మీరు. సగం నిజం. 166వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం చేసే ప్రతి పనీ గవర్నరు పేరు మీద జరగాలి. బిజినెస్ రూల్స్ (ప్రభుత్వ పనులు ఎవరు ఎలా నడపాలో చెప్పే నియమాలు) ప్రకారం ఫైలు మంత్రికి వెళ్తుంది, ఆయన నిర్ణయం రాస్తారు, దాన్ని బట్టి కార్యదర్శి సంతకంతో జీవో వస్తుంది. ఆ జీవో వచ్చి, సంబంధిత ఉద్యోగికి అందేదాకా మంత్రి రాసినది కూడా అభిప్రాయం కిందే లెక్క. సుప్రీంకోర్టు 1962లోనే బచిత్తర్ సింగ్ కేసులో ఈ మాట తేల్చింది. అప్పటి పెప్సూ రాష్ట్రంలో ఒక రెవెన్యూ ఉద్యోగిని డిస్మిస్ చేస్తే, ఆ శిక్ష మరీ ఎక్కువైంది, పాత పోస్టుకు తగ్గిస్తే చాలని మంత్రి ఫైలు మీద రాశారు. ఆ మాట ఉత్తర్వుగా వెలువడలేదు. ఈలోగా ఆ రాష్ట్రం పంజాబ్‌లో కలిసిపోయింది, ఫైలు పంజాబ్ ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్ళింది, ఆయన డిస్మిస్‌నే ఖాయం చేశారు. మంత్రి అప్పటికే నా పక్షాన రాశారు కదా అని ఆ ఉద్యోగి కోర్టుకెక్కితే, గవర్నరు పేరుతో ఉత్తర్వు రానంతవరకూ ఆ రాతకు విలువ లేదని కోర్టు చెప్పింది. ఫైలు మీద సంతకం పెట్టి రాసినదాని గతే అది. ఇక వార్డు వరండాలో నిలబడి అన్న మాట సంగతి మీరే ఊహించుకోండి.

అలాగని మంత్రి సంతకం తేలిక వ్యవహారమూ కాదు. 2013లో బి.వి. గోపీనాథ్ కేసులో కేంద్ర ఆదాయపు పన్ను శాఖ అధికారి మీద పెట్టిన ఛార్జిషీటును, అంటే అభియోగ పత్రాన్ని, సుప్రీంకోర్టు కొట్టేసింది. చర్య మొదలుపెట్టడానికి ఆర్థిక మంత్రి ఒప్పుకున్నారు గానీ, ఆ ఛార్జిషీటు ముసాయిదాను విడిగా ఆమోదించలేదన్నదే కారణం. అంటే మంత్రి చూడాల్సిన చోట చూడకపోయినా కేసు పోతుంది.

ఇక అసలు దారి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆధారం 1991 నాటి సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నిబంధనలే. శిక్షలేమిటో 9వ నిబంధన చెబుతుంది. మందలింపు, ఇంక్రిమెంటు ఆపడం, జీతంలోంచి రికవరీ లాంటివి చిన్న శిక్షలు. హోదా తగ్గింపు, నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు, డిస్మిస్ పెద్ద శిక్షలు. చివరి రెండూ ఒకటేననుకుంటారు చాలామంది. తొలగించినవాళ్ళకు మళ్ళీ ప్రభుత్వోద్యోగం దొరికే అవకాశం మిగులుతుంది, డిస్మిస్ అయినవాళ్ళకు మామూలుగా ఆ తలుపు కూడా మూసుకుంటుంది. రెండిట్లోనూ పెన్షను పోతుంది. ముప్పయ్యేళ్ళ సర్వీసు మొత్తాన్ని ఒక్క కాగితంతో తుడిచేసే శిక్ష కాబట్టే 20వ నిబంధనలో అంత తతంగం పెట్టారు. ఏ తేదీన ఏ తప్పు చేశారో ఒక్కొక్కటిగా రాసిన అభియోగాలు, దేన్ని బట్టి అంటున్నారో ఆ కాగితాల జాబితా, సాక్షుల జాబితా ఇవ్వాలి. ఆయన రాతపూర్వకంగా జవాబిస్తారు. ఒప్పుకోకపోతే విచారణాధికారిని, శాఖ తరఫున వాదించే అధికారిని వేస్తారు. సాక్షులను ఆయన ఎదురుప్రశ్నలు అడగవచ్చు. ఆ తర్వాత నివేదిక.

ఆ నివేదిక దగ్గరే చాలా ఫైళ్ళు బోల్తాపడ్డాయి. 1993లో వచ్చిన కరుణాకర్ తీర్పు మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులోనిది. శిక్ష నిర్ణయించే ముందు విచారణ నివేదిక కాపీ ఉద్యోగికి ఇచ్చి, దాని మీద ఆయన ఏమంటారో వినాలని ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. చిన్న పనే. ఒక కవరు, ఒక అక్నాలెడ్జ్‌మెంటు. పైనుంచి ‘ఇంకా ఎందుకు కాలేదు’ అని రోజుకు మూడు ఫోన్లు వచ్చే ఫైళ్ళలో మాత్రం ఆ కవరు వెళ్ళేది కాదు.

నేను మరిచిపోలేని ఫైలు ఒకటుంది, అదే చెబుతాను. ఒక ఆసుపత్రిలో మందుల కొనుగోళ్ళలో అక్రమం జరిగింది. అవసరమైన మందులు లేక రోగులు బయట కొనుక్కుంటుంటే, గడువు దగ్గరపడిన సరుకు పెద్దమొత్తంలో కొని స్టోర్లో పడేశారు. స్టాకు రిజిస్టరు, ఇండెంట్లు, బిల్లులు అన్నీ ఉన్నాయి. నా మట్టుకు నాకు ఏ అనుమానమూ లేదు, ఆ అధికారి దోషే. ఈలోగా మంత్రి గారు పత్రికల వాళ్ళ ముందు ‘డిస్మిస్ చేసేశాను’ అన్నారు. ఇక ఆ మాట నిలబెట్టడానికి శాఖ మొత్తం పరుగులు తీసింది. వారం పైచిలుకులో విచారణ ముగించారు. ఇద్దరు ముఖ్య సాక్షులను ఎదురుప్రశ్నలకు పిలవనే లేదు. నోట్ ఫైలు మొదటి పేరాలోనే ‘గౌరవ మంత్రివర్యులు ప్రకటించిన విధంగా’ అని రాశారు. ఆ రాసిన చెయ్యి మా సెక్షన్‌దే, నేను అప్పుడు వద్దని గట్టిగా చెప్పలేకపోయాను. ఆ వాక్యాన్నే ఆయన లాయరు కోర్టులో చదివి వినిపించాడు. నిర్ణయం ముందే జరిగిపోయింది, విచారణ దాని వెనక తగిలించిన కాగితమని వాదించాడు. కోర్టు డిస్మిస్ కొట్టేసి, కావాలంటే మళ్ళీ మొదటినుంచి విచారించుకోమంది. అప్పటికి ఆయన రిటైరయ్యే వయసు దాటిపోయింది. రిటైరైన మనిషి మీద కొత్తగా చర్య మొదలుపెట్టాలంటే, పెన్షన్ నిబంధనల ప్రకారం ఆ సంఘటన జరిగి నాలుగేళ్ళు దాటి ఉండకూడదు. అప్పటికే ఎప్పుడో దాటింది. పాత జీతం బకాయిలు, పెన్షను, గ్రాట్యుటీ అన్నీ అందుకున్నారు. బయట మందులు కొనుక్కున్నవాళ్ళకు ఎవరూ పైసా ఇవ్వలేదు.

అందుకే టీవీలో ‘డిస్మిస్’ అని వినగానే జనం చప్పట్లు కొడితే నాకు గుండె గుభేలుమంటుంది. ఆ ఒక్క మాటతో దోషి చేతికి మంచి ఆయుధం ఇచ్చేశారని నాకు తెలుసు కాబట్టి. అధికారం ఎవరికి ఉందో ఆ అధికారి తన బుద్ధితో ఆలోచించి నిర్ణయం తీసుకోవాలి, పైవాళ్ళు చెప్పారని తీసుకుంటే అది చెల్లదని సుప్రీంకోర్టు 1951లో గోర్ధన్‌దాస్ భాన్‌జీ కేసు నాటినుంచీ చెబుతూనే ఉంది. అది ఉద్యోగుల కేసు కాదు, ఒక సినిమా హాలు అనుమతి గొడవ. కానీ సూత్రం ప్రతి కార్యాలయానికీ వర్తిస్తుంది.

మీ ఊరి సూపరింటెండెంటు విషయంలో జరిగింది బహుశా ఇంకా సాదా సంగతి. ఆయన్ని ఎవరూ డిస్మిస్ చేసి ఉండరు. సస్పెండ్ చేసి ఉంటారు, లేదా డైరెక్టరేట్‌కు సరెండర్ చేసి, అంటే ఆ పోస్టు నుంచి తప్పించి పై కార్యాలయానికి తిప్పి పంపి, ఉంటారు. మంత్రుల చేతిలో నిజంగా పదునుగా ఉండే కత్తి ఇదే. బదిలీకి విచారణ అక్కర్లేదు. సస్పెన్షన్ చట్టం దృష్టిలో శిక్షే కాదు, విచారణ సాగడానికి మనిషిని పక్కన పెట్టడం మాత్రమే. ఆ కాలంలో సుమారు సగం జీతం జీవనభృతిగా వస్తుంది. కాబట్టి సస్పెండ్ చేశాక అభియోగ పత్రం ఇవ్వకుండా వదిలేస్తే ఏమవుతుంది? 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు, మూడు నెలల్లోపు అభియోగ పత్రం ఇవ్వకపోతే సస్పెన్షన్ అంతకుమించి సాగకూడదంది. మూడు నెలలు గడుస్తాయి, టీవీల వాళ్ళు మరో ఊరికి వెళ్ళిపోతారు, ఆయన పోస్టింగు తీసుకుంటారు. మీరు రాసిన నాలుగు నెలల లెక్క చూడగానే నాకు ఇదే అనిపించింది.

మంచి అధికారుల మీద కూడా ఇదే కత్తి పడుతుంది, నా బాధలో సగం అదే. కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టననో, ప్రసవాల వార్డులో డబ్బులు అడిగిన సిబ్బంది మీద రిపోర్టు పంపాననో చెప్పే డాక్టరును డిస్మిస్ చేయడం ఎవరివల్లా కాదు. కానీ ఏడాదికి రెండుసార్లు బదిలీ చేయవచ్చు. 2013లో టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు రెండు మంచి మాటలు చెప్పింది: అధికారులకు ఒక పోస్టులో కనీస కాలం ఉండాలి, నోటిమాట ఆదేశాలను రాతలో పెట్టుకోవాలి. రెండో మాట ఒక్కటి గట్టిగా పాటించినా శాఖ సగం బాగుపడేదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

అధికారిని సాగనంపడానికి అవమానం ఇంకో దారి. 2022 జూలైలో పంజాబ్ ఆరోగ్య మంత్రి ఫరీద్‌కోట్ ఆసుపత్రి తనిఖీకి వెళ్ళి, చిరిగి మాసిపోయిన పరుపు మీద బాబా ఫరీద్ వైద్య విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌ను పడుకోబెట్టారు. ఆయన పేరున్న ఎముకల సర్జన్. దేశమంతా ఆ వీడియో చూసింది. ఆయన వెంటనే రాజీనామా పంపారు. ఆ పరుపు చూసి మంత్రికి వచ్చిన కోపం తప్పనను. కానీ పరుపులకు ఎంత అడిగారు, ఎంత వచ్చింది, ఎవరు ఖర్చు పెట్టలేదు అన్న మూడు ప్రశ్నలకూ ఆ వీడియోలో జవాబు లేదు.

దేశంలో ఈ విషయం మీద జరిగిన అతిపెద్ద పోరు మాత్రం ఢిల్లీ ఎయిమ్స్‌ది. డాక్టర్ పి. వేణుగోపాల్ గారు రాజమండ్రిలో పుట్టిన మనిషి, 1994 ఆగస్టులో దేశంలో తొలిసారి గుండె మార్పిడిని విజయవంతంగా చేసిన సర్జన్. 2003 జూలైలో ఆయన్ని ఐదేళ్ళకు ఎయిమ్స్ డైరెక్టరుగా నియమించారు. మరుసటేడు అన్బుమణి రామదాస్ కేంద్ర ఆరోగ్య మంత్రి అయ్యారు. ఆ హోదాలో ఎయిమ్స్ పాలక మండలికి అధ్యక్షుడు కూడా ఆయనే. ఇద్దరికీ పొసగలేదు. 2006 జూలైలో మండలి తీర్మానంతో డైరెక్టరును తీసేశారు, ఢిల్లీ హైకోర్టు ఆపింది. దాంతో చట్టాన్నే మార్చారు. 2007 సవరణలో డైరెక్టరుకు 65 ఏళ్ళ వయోపరిమితి పెట్టి, అప్పటికే పదవిలో ఉండి దానికి సరిపడనివాళ్ళు వెంటనే దిగిపోవాలనీ, మూడు నెలల జీతభత్యాలకు మించకుండా పరిహారం తీసుకోవచ్చనీ రాశారు. వేణుగోపాల్ గారికి ఆ ఏడాదే 65 నిండాయి. ఆ నిబంధన ఆయనొక్కరి కోసమే రాసినదని తేల్చి 2008 మే 8న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు, పదవీకాలంలో దాదాపు రెండు నెలలే మిగిలాయి.

ఎయిమ్స్ లాంటి చట్టబద్ధ సంస్థల ఉద్యోగులకు 311 నేరుగా వర్తించదు. అక్కడ ఆయన్ని కాపాడింది 14వ అధికరణం, అంటే అందర్నీ సమానంగా చూడాలన్న నియమం. నిర్ణీత పదవీకాలం ఇచ్చాక దాన్ని మధ్యలో తెంచాలంటే గట్టి కారణం, పద్ధతి రెండూ ఉండాలి. ఆ గొడవల్లో ఎవరిది ఎంత తప్పో నేను తీర్పు చెప్పను. రెండేళ్ళపాటు అంత పేరున్న ఆసుపత్రి మంత్రి వర్గం, డైరెక్టరు వర్గంగా చీలిపోయింది. నాకు గుర్తున్నది అదే.

మీకు రావాల్సిన అనుమానం ఇంకోటి ఉంది. విచారణ లేకుండా డిస్మిస్ చేసే దారే లేదా? ఉంది. 311లోనే మూడు మినహాయింపులున్నాయి. క్రిమినల్ కేసులో శిక్షపడిన ప్రవర్తన ఆధారంగా తీసేస్తే విచారణ అక్కర్లేదు. విచారణ జరపడం ఆచరణలో సాధ్యం కాదని అధికారి కారణాలు రాసి పెడితే అక్కర్లేదు. రాజ్య భద్రత దృష్ట్యా వద్దని రాష్ట్రపతో గవర్నరో భావిస్తే అక్కర్లేదు. 1985లో తులసీరామ్ పటేల్ తీర్పు వీటిని సమర్థించింది. కానీ డయాలసిస్ మిషన్ల కేసులో ‘విచారణ సాధ్యం కాదు’ అని ఎవరు రాయగలరు? మిషన్లు అక్కడే ఉన్నాయి, లాగ్ పుస్తకాలు అక్కడే ఉన్నాయి.

శాఖ కమిషనరో కార్యదర్శో ఐఏఎస్ అయితే మంత్రి చెయ్యి ఇంకా పొట్టి. రాష్ట్ర ప్రభుత్వం సస్పెండ్ చేయగలదు గానీ, వాళ్ళను డిస్మిస్ చేసే అధికారం కేంద్రానిదే. కాంట్రాక్టు డాక్టర్లూ నర్సులది దీనికి పూర్తిగా తలకిందుల పరిస్థితి. వాళ్ళకు 311 రక్షణ లేదు, అందుకే ఏ తనిఖీలోనైనా మొదట పోయేది వాళ్ళ ఉద్యోగాలే. మచ్చ వేసి పంపితే కోర్టు వింటుంది, కానీ నెల జీతం మీద బతికే నర్సు కోర్టు మెట్లు ఎక్కడం తేలిక కాదు. పెద్ద కుర్చీ తప్పుకు చిన్న జీతాలు బలికావడం నేను ఎన్నిసార్లు చూశానో.

ఇక మీరేం చేయగలరో చెబుతాను. మీ బాబాయి గారిని ఏ ఏ తేదీల్లో తిప్పి పంపారో, బయట ఎక్కడ డయాలసిస్ చేయించుకున్నారో, ఎంత కట్టారో రాసి, రసీదుల నకళ్ళు జతచేసి జిల్లా కలెక్టరుకు, శాఖ ముఖ్య కార్యదర్శికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మంత్రికీ పంపండి, తప్పేం లేదు. ‘ఆ అధికారిని డిస్మిస్ చేయండి’ అని రాయకండి. ‘ఈ తేదీల్లో మిషన్లు ఎందుకు ఆగాయో విచారించండి, నేను సాక్ష్యం చెబుతాను’ అని రాయండి. సమాచార హక్కు కింద ఆయన క్రమశిక్షణ ఫైలు అడిగితే, 2012 నాటి గిరీశ్ దేశ్‌పాండే తీర్పు చూపించి వ్యక్తిగత సమాచారమంటారు. అందుకని మనిషి గురించి కాకుండా మిషన్ల గురించి అడగండి: మరమ్మతు ఒప్పందం ఎవరితో, ఫిర్యాదు ఏ తేదీన వెళ్ళింది, డబ్బు ఎప్పుడు విడుదలైంది. ఆ కాగితాలు ఇవ్వకుండా ఉండటం వాళ్ళకు కష్టం.

విచారణకు పిలుపు వస్తే తప్పకుండా వెళ్ళండి. నేను విచారణాధికారిగా ఉన్నప్పుడు ఒక కేసులో డాక్టర్లు, ఫార్మసిస్టులు అందరూ ‘గుర్తులేదండీ’ అన్నారు. ఆఖరి సాక్షి ఒక రోగి భార్య. రెండు బస్సులు మారి వచ్చింది. చీర కొంగులో ముడేసి తెచ్చిన మందుల చీటీ తీసి బల్ల మీద పెట్టింది. ఆసుపత్రి ముద్ర ఉంది, వెనక ‘స్టాకు లేదు, బయట కొనుక్కోండి’ అని స్టోరు గుమాస్తా చేతిరాత, కింద తేదీ. ఆ తేదీన స్టాకు రిజిస్టర్లో అదే మందు 400 సీసాలు ఉన్నట్టు రాసి ఉంది. ఎదురుప్రశ్నలకు అరగంట తీసుకున్నారు, ఆమె ఒక్క మాట మార్చలేదు. ఆ ఫైలు మంత్రి దగ్గరికి వెళ్ళడానికి మరో ఎనిమిది నెలలు పట్టింది. ఆయన ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టారు. తొలగింపు జీవో వచ్చింది, కోర్టులో కూడా నిలబడింది.